పది మంది, మూడు రాత్రులు, ఒక విల్లా: గోల్ఫ్ రిసార్టు బిల్లులో ఏముంది?

3,72,800 రూపాయలు. బాన్సువాడ నుంచి పది మంది ఉన్న కుటుంబం బయల్దేరి, సముద్రం ఒడ్డున గోల్ఫ్ మైదానం ఉన్న ఒక రిసార్టులో మూడు రాత్రులు విల్లా తీసుకుని ఉండి వస్తే అయ్యే ఖర్చుకు నేను వేసిన అంచనా ఇది. పది మంది అంటే ఒక పెద్ద జంట, వాళ్ల ఇద్దరు కొడుకులు, కోడళ్లు, నలుగురు పిల్లలు. తలకు 37,280 పడుతుంది. ఇందులో గోల్ఫ్ ఆడటానికి కట్టేది 5,000 మాత్రమే. ఇద్దరు మగపిల్లలు సరదాపడి ఒక గంట నేర్చుకుంటే అయ్యే ఖర్చుగా పెట్టుకున్నాను. మొత్తంలో అది నూటికి ఒకటిన్నర రూపాయి కూడా కాదు.

అయినా ఈ బిల్లు ఇంత పెరగడానికి ఒక పెద్ద కారణం ఆ గోల్ఫ్ మైదానమే. మనం ఆడినా ఆడకపోయినా దాన్ని పచ్చగా ఉంచే ఖర్చులో మన వాటా గది అద్దెలోనే కలిసి ఉంటుంది. నిజాంసాగర్ కాలువ కింద బతికే బాన్సువాడ లాంటి ఊళ్లవాళ్లకు నీళ్ల లెక్క ఒకరు నేర్పనక్కర్లేదు. అందుకే ఈ బిల్లును కొంచెం విడదీసి చూపించాలనిపించింది. ఈ ప్రాంతానికి, సముద్రానికి బంధుత్వమూ ఉంది. వర్ని, కోటగిరి, బీర్కూర్ వైపు క్యాంపు ఊళ్లలో స్థిరపడినవాళ్లలో చాలామంది పెద్దలు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఈ కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చినవాళ్లు. పెళ్లికో పండక్కో అటు వెళ్లినప్పుడు నాలుగు రోజులు సముద్రం దగ్గర గడుపుదామన్న మాట ఆ ఇళ్లల్లో వస్తూనే ఉంటుంది.

మూడు రాత్రుల బిల్లు

విల్లా అద్దె రాత్రికి 45,000 అనుకున్నాను. మూడు పడక గదులు, నడుమ హాలు, చిన్న వంటగది, ముందు ఈతకొలను ఉన్న విల్లాకు రద్దీ లేని రోజుల్లో పెట్టుకున్న అంకె అది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఉండే వారానికి అది చాలదు. మూడు రాత్రులకు 1,35,000. దానిపై 18 శాతం జీఎస్టీ 24,300. కలిపి 1,59,300.

ఉదయం టిఫిన్ అద్దెలోనే ఉందనుకుందాం. మధ్యాహ్నం రెండింటికి చేరి, నాలుగో రోజు పొద్దున పదకొండుకు ఖాళీ చేస్తే నడుమ ఐదు పూటలు భోజనం చేయాలి. పూటకు తలకు 1,500 చొప్పున పది మందికి 75,000, పన్నుతో 88,500. తిండి ఖర్చు అద్దెలో సగం దాటిపోయింది. ఈ ఒక్క పద్దును ముందే చూసుకోకపోవడం వల్లే చాలా కుటుంబాల లెక్క తప్పుతుంది. గది అద్దె ఎంతో నెలరోజులు బేరమాడి తెలుసుకుంటారు, అన్నం పళ్లెం ఎంతో మాత్రం అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

విమానం టికెట్లకు రానుపోను తలకు 10,000 చొప్పున లక్ష, శంషాబాద్ దాకా కార్లు, అక్కడ దిగాక కార్లు కలిపి 20,000. గోల్ఫ్ పాఠానికి 5,000. వెరసి మొదట చెప్పిన అంకె వస్తుంది. ఇవన్నీ నేను అనుకున్న ధరలు. మీరు అడిగిన రిసార్టు ధరలు వేరుగా ఉంటే ఆ గడిలో ఆ అంకె పెట్టుకోండి, లెక్క వేసే పద్ధతి ఇదే.

ఇప్పుడు ఇదే కుటుంబం గోల్ఫ్ లేని మామూలు సముద్రతీరం హోటల్లో 7,000 రూపాయల గదులు ఐదు తీసుకుందనుకుందాం. మూడు రాత్రులకు 1,05,000, పన్ను 5 శాతమే కాబట్టి 1,10,250. భోజనం పూటకు 800 చొప్పున, 5 శాతం పన్నుతో 42,000. అద్దెలో 49,050, తిండిలో 46,500 మిగిలాయి. అంటే విల్లాకు మనం అదనంగా పెట్టేది 95,550. ఆ డబ్బుకు ఏం వస్తుందన్నదే అసలు ప్రశ్న.

పన్ను ఎక్కడ మారుతుంది

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదిపై జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. ఇది ఒక్కో గదికో, ఒక్కో యూనిట్‌కో లెక్క. ఇక్కడే విల్లా తీసుకునేవాళ్లు గమనించాల్సిన మెలిక ఉంది. 7,000 చొప్పున మూడు గదులు విడివిడిగా తీసుకుంటే రాత్రికి 21,000, పన్ను 1,050. అవే మూడు పడక గదులున్న విల్లాను 21,000కే ఒకే యూనిట్‌గా బిల్లు వేస్తే పన్ను 3,780. తలలు అవే, మంచాలు అవే. రాత్రికి 2,730 తేడా.

తిండి మీద పన్ను కూడా గది ధరతో ముడిపడి ఉంది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ గదినైనా రోజుకు 7,500 దాటిన ధరకు ఇచ్చిన హోటల్లో రెస్టారెంటు భోజనంపైనా 18 శాతం పడుతుంది. అలాంటి గదులు లేనిచోట 5 శాతం. కాబట్టి ఖరీదైన రిసార్టులో రెండు ఇడ్లీలు తిన్నా ఆ పన్ను తప్పదు. విల్లాలో వంటగది ఉంటే అది అలంకారానికా, నిజంగా పొయ్యి వెలిగించుకోనిస్తారా అన్నది ముందే అడగాలి. ఐదు పూటల్లో రెండు పూటలు అక్కడే వండుకోగలిగితే పన్నుతో కలిపి 35,400లో సరుకుల ఖర్చు పోను మిగతాది చేతిలో ఉంటుంది.

సమయం లెక్క చిన్నదే గాని చెప్పాలి. మూడు రాత్రులంటే 72 గంటలు కాదు. రెండింటికి లోపలికి, పదకొండుకు బయటికి అంటే 69 గంటలు. గంటకు 2,309 రూపాయలు. బాన్సువాడలో రైల్వేస్టేషన్ లేదు, శంషాబాద్ చేరడానికే మూడున్నర నాలుగు గంటలు. విమానం, అవతల రోడ్డు కలిస్తే ఒకవైపు ప్రయాణానికే ఒక పూట పూర్తిగా పోతుంది. రెండు రాత్రుల కోసం ఇంత దూరం వెళ్లడం పెద్దవాళ్లకు అలసటే మిగులుస్తుంది. వెళితే మూడు రాత్రులకు తక్కువ వద్దు.

ఒడ్డున ఇళ్లు ఎందుకంత పలచగా ఉంటాయి

సముద్రం పక్కన విల్లాలు రెండంతస్తులు దాటకపోవడం, చుట్టూ ఖాళీ స్థలం ఉండటం ఒక్క అందం కోసమే అనుకుంటాం. చాలాచోట్ల దాని వెనక చట్టం ఉంది. తీరప్రాంత నియంత్రణ మండలం ఉత్తర్వు, సీఆర్‌జెడ్ అని మనం వినేది, మొదట 1991 ఫిబ్రవరిలో వచ్చింది. 2011లో, మళ్లీ 2019లో మారింది. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు హద్దు నుంచి 200 మీటర్ల వరకు శాశ్వత కట్టడాలు కట్టకూడదు. ఆ తర్వాత 500 మీటర్ల లోపు కట్టే తీర రిసార్టులకు రెండంతస్తులు, 9 మీటర్ల ఎత్తు హద్దు. అన్ని అంతస్తుల విస్తీర్ణం కలిపి స్థలంలో 33 శాతం దాటకూడదు.

పదెకరాల స్థలం తీసుకోండి. 4,35,600 చదరపు అడుగులు. కట్టడానికి వీలయ్యేది 1,43,748. అందులో ఐదో వంతు భోజనశాలకు, ఆఫీసుకు, పనివాళ్ల గదులకు పోతే మిగిలిన దానిలో 2,500 చదరపు అడుగుల విల్లాలు 46 వస్తాయి. ఎకరానికి ఐదు కూడా కాదు. హైదరాబాద్ శివార్లలో పదెకరాల్లో వందల ఫ్లాట్లు లేస్తున్న కాలమిది. ఒడ్డున ఆ భూమి ధరనంతా ఈ 46 విల్లాలే మోయాలి. ఖాళీకి కూడా మనమే అద్దె కడుతున్నామన్నమాట. ఆ నియమం మంచిదే. అది లేకపోతే ఒడ్డున గాలి కూడా ఆడని గోడ లేచేది, జాలర్లు వలలు ఆరేసుకోవడానికి జాగా ఉండేది కాదు.

దీని నుంచి మనకు ఉపయోగపడే మాట ఒకటుంది. ‘సముద్రానికి ఎదురుగా’ అని రాసిన విల్లా కూడా నీటికి 200 మీటర్ల అవతల ఉండొచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు ఇసుకలో 200 మీటర్లు చిన్న దూరం కాదు. విల్లా గుమ్మం నుంచి అలల దాకా ఎన్ని మీటర్లో అంకె అడగండి.

పచ్చిక తాగే నీళ్లు

18 హోల్స్ (బంతి పడాల్సిన గుంతలు) ఉన్న పూర్తి గోల్ఫ్ మైదానానికి సుమారు 150 ఎకరాలు కావాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, దుబాయ్ సంస్థ ఎమ్మార్ కలిసి తలపెట్టిన ప్రాజెక్టునే చూస్తే, అక్కడ అనుకున్న 535 ఎకరాల్లో 235 ఎకరాలు, నూటికి 44 వంతులు, గోల్ఫ్‌కే. బౌల్డర్ హిల్స్ మైదానం అలా వచ్చిందే. ఆ భూముల వ్యవహారం 2011లో సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది. తెలుగువాళ్లకు విల్లా, గోల్ఫ్ అన్న రెండు మాటలు పక్కపక్కన వినబడటం ఎక్కువగా అక్కడి నుంచే మొదలైంది.

మైదానంలో తడి పెట్టాల్సిన నేల 100 ఎకరాలు అనుకుందాం. ఎండ కాసే రోజున పచ్చిక నేల నుంచి సుమారు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరై పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువ. 100 ఎకరాల మీద 5 మిల్లీమీటర్లంటే రోజుకు 20 లక్షల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మన దేశంలో పెట్టుకున్న కొలత. ఆ లెక్కన ఇది దాదాపు పదిహేను వేల మంది ఉన్న పట్టణం ఒక రోజు వాడుకునే నీరు.

వానలు తీసేసి ఎనిమిది నెలలు, 240 రోజులు తడిపితే 48 కోట్ల 60 లక్షల లీటర్లు. దీన్ని మన కాలువ భాషలోకి తెద్దాం. ఒక టీఎంసీ అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీకి ఆరు వేల ఎకరాల వరి అన్నది నీటిపారుదల వాళ్లు వేసుకునే పాత లెక్క. అంటే ఎకరా యాసంగి వరికి 47 లక్షల లీటర్లు. గోల్ఫ్ పచ్చిక ఎకరాకు ఎనిమిది నెలల్లో 48 లక్షల 60 వేలు. రెండూ ఇంచుమించు ఒకటే. నూరెకరాల పచ్చిక తాగేది 103 ఎకరాల వరి తాగే నీరు.

ఈ అంకె తేలాక నేను చాలాసేపు దాన్ని వదిలిపెట్టలేకపోయాను. ఎందుకంటే మంజీర నీళ్ల కోసం ఈ ప్రాంతం పడిన పాట్లు చిన్నవి కావు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్టినప్పుడు 29 టీఎంసీలకు పైగా పట్టేది, ఆయకట్టు 2,75,000 ఎకరాలు. పూడిక నిండి ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతుంది. పైన సింగూరు ప్రాజెక్టు వచ్చింది, హైదరాబాద్ తాగునీటికి మంజీర నీళ్లు వెళ్లాయి. చివరి తూము దాకా నీరు రాక మడులు నెర్రెలు విచ్చిన యాసంగులు ఎన్నో. అలాంటి చోట నుంచి వెళ్లిన మనిషి పచ్చటి మైదానాన్ని చూసినప్పుడు కళ్లతో పాటు లెక్కా పని చేస్తుంది.

ఆ లెక్కను పూర్తిగా వేద్దాం. రోజుకు 50 మంది ఆడే మైదానమైతే ఒక్కొక్కరి ఆటకు 40 వేల లీటర్ల పైచిలుకు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండిందనుకుంటే కిలో ధాన్యానికి దాదాపు 1,890 లీటర్లు. ఒకరి ఒక పూట ఆట 21 కిలోల ధాన్యానికి సమానమైన నీరు. రోజుకు 20 మందే వస్తే 53 కిలోలు. అయితే ఇందులో న్యాయంగా చెప్పాల్సిన రెండో వైపు ఉంది. వరికి మంచినీరే కావాలి. పచ్చికకు శుద్ధి చేసిన మురుగునీరు సరిపోతుంది. బాధ్యత తెలిసిన మైదానాలు ఆ నీటితోనే తడుపుతాయి. ఉప్పునీటిని కొంతవరకు ఓర్చుకునే పాస్పాలమ్ అనే తీరప్రాంతపు గడ్డి కూడా ఉంది. మిగతాచోట్ల వేడి దేశాల మైదానాల్లో వేసేది ఎక్కువగా బెర్ముడా గడ్డి రకాలు. అది మన గరికే. వినాయకచవితి పత్రిలో పెట్టే గరికకు చుట్టాలైన సంకర రకాలను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో దాదాపు రోజూ కోసి, హోల్ చుట్టూ ఉండే గ్రీన్‌ను తయారు చేస్తారు. అంత పొట్టిగా కోసిన గడ్డి బతకాలంటే నీరు, ఎరువు, మందు, మనిషి నాలుగూ రోజూ కావాలి.

ఒడ్డున మాత్రం బోరు వేసి తోడితే ప్రమాదం వేరు. తీరంలో భూమి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. పైన ఆ ఒక్క మీటరు తగ్గితే కింద 40 మీటర్ల మేర ఉప్పునీరు పైకి వస్తుంది. అందుకే పోటు హద్దు నుంచి 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడకూడదని, ఆ తర్వాత 500 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే తోడాలని రిసార్టులకు నియమం పెట్టారు. రిసార్టు బోరు నీరు లాగితే పక్క ఊరి బావి ఉప్పగా మారుతుంది. ఆ ఊళ్లో ఉన్నది మనలాంటి రైతులు, జాలర్లు. బుకింగ్ చేసేటప్పుడు ‘మైదానానికి నీరు ఎక్కడి నుంచి?’ అని ఒక్క ప్రశ్న అడగడం మనకు బరువు కాదు. మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉన్నవాళ్లు గర్వంగానే చెబుతారు.

ఆ గడ్డికి రోజూ మనిషి కావాలన్నాను కాబట్టి ఇంకొక్క మాట. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో తోటపని, హోటల్ పని చేసినవాళ్లు ఎందరో. గల్ఫ్‌లో తొలి పచ్చిక మైదానం 1988లో దుబాయ్‌లో తెరిచిన ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బు. ఎడారిలో అలాంటి పచ్చదనం నిలబెట్టడానికి ఎంత చెమట కావాలో ఈ జిల్లాల్లో చాలా ఇళ్లకు తెలుసు. విల్లా బిల్లు చివర టిప్పు రాసే గడి వస్తే, అది గడ్డి కోసేవాళ్లకూ గదులు ఊడ్చేవాళ్లకూ చేరుతుందా అని అడిగి మరీ ఇవ్వండి.

ఆట, చోటు

ఆట గురించి కొత్తవాళ్లు తెలుసుకోవాల్సింది కొంచెమే. బంతి 45.93 గ్రాములు మించకూడదు, అది పడాల్సిన గుంత 108 మిల్లీమీటర్ల వెడల్పు. 18 హోల్స్ ఆడాలంటే నాలుగు గంటల పైన పడుతుంది, ఎనిమిది పది కిలోమీటర్ల నడక. ఎప్పుడూ గోల్ఫ్ కర్ర పట్టని వాళ్లు నేరుగా మైదానంలోకి వెళ్లలేరు. ముందు ప్రాక్టీసు రేంజిలో కొట్టడం నేర్చుకోవాలి. కుటుంబంలో ఆడేవాళ్లు ఒక్కరూ లేనప్పుడు గోల్ఫ్ రిసార్టు అంటే ఆ పచ్చిక మనకు చూపు మేరకే.

మనకు దగ్గర్లో ఈ రెండూ, సముద్రమూ గోల్ఫూ, ఒకే ఆవరణలో ఉండేది దక్షిణ గోవాలో. కానకోన దగ్గర రాజ్‌బాగ్ తీరాన లలిత్ రిసార్టులో 9 హోల్స్ మైదానం ఉంది. కావెలోసిమ్‌లో ఒకప్పటి లీలా రిసార్టు మైదానం 12 హోల్స్. పూర్తి 18 కాకపోవడం లోపం కాదు, తక్కువ భూమి, తక్కువ నీరు. కొత్తగా ఆడేవాళ్లకు తొమ్మిది చాలా ఎక్కువ. తెలుగు తీరంలో విశాఖపట్నం ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకు 18 హోల్స్ మైదానం ఉంది గాని అది క్లబ్బు, విల్లాలున్న రిసార్టు కాదు. అక్కడ మైదానం ఒకచోట, మనం దిగే హోటల్ రుషికొండ వైపో బీచ్‌రోడ్డులోనో మరోచోట. నా దృష్టిలో ఆడాలనుకునే కుటుంబానికి అదే చవక: ఆడేవాళ్లు బయటివాళ్లను ఎప్పుడు, ఎంతకు ఆడనిస్తారో క్లబ్బును అడిగి ఒక పూట వెళ్లి వస్తారు, మిగతా ఎనిమిది మంది ఆ పచ్చిక ఖర్చు మోయరు. సికింద్రాబాద్ నుంచి విశాఖకు 2023 జనవరి నుంచి వందేభారత్ ఉంది, దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో. పది విమానం టికెట్లకు బదులు ఇది పట్టుకుంటే నేను వేసిన లక్ష బాగా తగ్గుతుంది.

ఇక విల్లాకు అదనంగా పెట్టే ఆ 95,550 సంగతి. ఐదు గదుల హోటల్లో ఐదు తలుపులుంటాయి. రాత్రి తొమ్మిది దాటితే ఎవరి గదిలో వాళ్లు. విల్లాలో నడుమ హాలుంటుంది. తాత చాపేసుకుని పడుకుంటే పిల్లలు చుట్టూ చేరతారు, కోడళ్లిద్దరూ టీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు దుబాయ్‌లో, పెద్దవాళ్లు బాన్సువాడలో ఉండే కుటుంబానికి ఆ హాలు విలువైనది. దాని కోసం తలకు 9,555 పెట్టగలిగిన వాళ్లు పెట్టడం తప్పని నేననను. కాని ఆ హాలు గోల్ఫ్ లేని విల్లాలోనూ ఉంటుంది. డబ్బు హాలుకు కట్టండి, పచ్చికకు కాదు. గోల్ఫ్ రిసార్టు ఎంచుకోవాలంటే పది మందిలో కనీసం ముగ్గురు నిజంగా ఆడేవాళ్లు ఉండాలన్నది నా లెక్క.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు దంచి కొడతాయి. ధరలు అప్పుడే తగ్గుతాయి, సముద్రంలోకి మాత్రం దిగలేం. మన తూర్పు తీరానికి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. దసరా సెలవులకో దీపావళికో బుక్ చేసేవాళ్లు రద్దు నిబంధన చదవకుండా అడ్వాన్సు పంపొద్దు. తుపాను హెచ్చరిక వస్తే ఎంత వెనక్కిస్తారు, డబ్బిస్తారా లేక మరో తేదీ ఇస్తారా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. 1,59,300లో సగం అడ్వాన్సు కట్టాక ఈ మూడింటికీ జవాబు ఫోన్‌లో నోటిమాటగా ఉంటే, 79,650 రూపాయలు వాతావరణ శాఖ బులెటిన్ మీద ఆధారపడినట్టే.